రోగులకు ప్రవేశం లేదు

మా ఉచిత వైద్యశాలను దెబ్బతీసింది ఒక పొగడ్త. అంతకుముందు మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి అది చక్కగా నడిచింది.

వైద్యశాల అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరి శివార్లలో లారీలకూ బస్సులకూ బాడీలు కట్టే షెడ్లు బారులు తీరి ఉంటాయి. వాటి మధ్య ఒక విడిభాగాల గోడౌన్ ఉంది. ఆదివారం దానికి సెలవు. ఆ ఒక్క పూటా యజమాని తాళంచెవి మాకిచ్చేవాడు. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరైన డాక్టర్ శేషుకుమారి గారు టైర్ల గుట్ట పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఇద్దరు నర్సులూ, ఒక మందుల షాపాయనా, నేనూ సాయం. ఎవరికీ జీతం లేదు. నేను బస్టాండులో కంట్రోలర్‌గా చేశాను. రాని బస్సు వస్తుందని మైకులో చెప్పి జనాన్ని ఓపిగ్గా కూర్చోబెట్టడం నాకు తెలిసిన విద్య. వైద్యశాలలో కూడా నాకు దాదాపు అదే పని దొరికింది.

వచ్చేవాళ్లంతా వెల్డర్లు, పెయింటర్లు, ఆటో నడిపేవాళ్లు, షెడ్లకు టిఫిన్లు మోసేవాళ్లు. వీళ్లది చిత్రమైన పరిస్థితి. పేదల కార్డు ఇవ్వడానికి సరిపడా పేదవాళ్లు కారు. సొంతంగా బీమా కట్టుకోవడానికి సరిపడా ఉన్నవాళ్లూ కారు. యజమాని కట్టాలన్నా దానికి కావాల్సినంతమంది ఒక్కో షెడ్డులో ఉండరు, ఉండేది గుప్పెడుమందే. మామూలు రోజున ఆసుపత్రికి వెళితే ఆ రోజు కూలి పోతుంది. అందుకని జబ్బుల్ని ఆదివారం దాకా దాచుకుని మా దగ్గరికి పట్టుకొచ్చేవాళ్లు.

నాంచారమ్మ అలాగే వచ్చింది. బస్సు సీట్లకు కవర్లు కుడుతుంది. మూడు వాటాల ఇంటికి ఒకటే కరెంటు మీటరు కావడంతో, ఆ బిల్లు ఈమె పేరున ఉండడంతో, ఆమె బాగా కలిగిన మనిషని తేలి కార్డు కొట్టేశారు. ఆ సంగతి ఆమెకు కార్డు పోయాకే తెలిసింది. చక్కెర జబ్బు. కుడికాలి బొటనవేలి కింద పుండు. మెషీను తొక్కేది ఆ కాలితోనే.

"కాలికి విశ్రాంతి ఇవ్వాలి, నాంచారమ్మా," అన్నారు డాక్టరమ్మ.

"కాలికిస్తే పొట్టక్కూడా ఇవ్వాల్సొస్తదండీ," అంది నాంచారమ్మ.

డాక్టరమ్మ వాదించలేదు. షెడ్డు యజమానికి ఫోన్ చేసి, కొన్నాళ్లు ఆమెకు మెషీను మీద కాకుండా గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర పని ఇప్పించారు. వారం వారం కట్టు మార్చారు. పుండు ఆరడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే ఆ పొగడ్త వచ్చిపడింది. పక్కవీధిలో ఏదో ప్రారంభోత్సవానికి వచ్చిన ఒక పెద్దమనిషి దారితప్పి మా గోడౌన్‌లోకి వచ్చాడు. మమ్మల్ని చూసి కదిలిపోయి, సభలో, "ఇది దేశానికే ఆదర్శం!" అన్నాడు. పేపర్లో వచ్చింది. తమకు తెలియకుండా ఒక ఆదర్శం ఎలా పుట్టిందని ఉచిత వైద్యసేవల క్రమబద్ధీకరణ విభాగం ఉలిక్కిపడింది. మరుసటి ఆదివారానికల్లా త్రివిక్రమరావు అనే పర్యవేక్షణాధికారి మా గుమ్మంలో ఉన్నాడు.

చెడ్డవాడు కాదు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినే అలవాటు. లోపలికి రాకుండా ముందు మా బోర్డు చదివాడు. ఒక పెయింటరు తన దగ్గు తగ్గిన సంతోషంలో రాసిచ్చిన బోర్డు అది. 'పనిచేసుకుని బతికే, బీమా లేని పెద్దలకు ఉచిత వైద్యం.'

"బీమా లేని అన్నారు. లేదని ఏ విధంగా నిర్ధారిస్తున్నారు మేడమ్?"

"అడుగుతాం. లేదంటారు," అన్నారు డాక్టరమ్మ.

ఆయన కాసేపు ఆలోచించాడు. "లేనిదాన్ని చూపించమనడం సహజ న్యాయానికి విరుద్ధం. ఆ అంశాన్ని పక్కన పెడదాం."

ఎంత సమంజసమైన మనిషి అని మేం సంతోషించాం.

"పనిచేసుకుని బతికే అన్నారు. సదరు వ్యక్తులు పనిచేస్తున్నారనడానికి ఆధారం?"

"వాళ్ల చేతులు చూడండి."

"చేతులు గతంలో చేసిన పనికి ఆధారం మేడమ్. ప్రస్తుతం పనిచేయగల స్థితిలో ఉన్నారనడానికి కాదు."

"ప్రస్తుతం జబ్బు చేసింది కదండీ. అందుకేగా వచ్చారు!"

"నా సందేహం కూడా అదే. పనిచేయలేని వ్యక్తి, పనిచేసే వ్యక్తి అనే నిర్వచనంలోకి రాడు. మీ బోర్డు ప్రకారం మీరు చాలాకాలంగా అనర్హులకు వైద్యం చేస్తున్నారు. పనిచేయలేని వారికి వేరే పథకాలు ఉండి ఉండవచ్చు."

"ఉన్నాయా?"

"ఉండి ఉండవచ్చు," అన్నాడాయన, అంతే మెత్తగా.

బోర్డు మార్చేస్తామని చెప్పి చూశాం. ఆదర్శంగా ప్రకటించిన బోర్డును మార్చడానికి అనుమతి కావాలట. అనుమతి ఇచ్చే అధికారి పోస్టు ఖాళీగా ఉందట. రెండో వారానికి మార్గదర్శకాలు వచ్చాయి. వచ్చిన ప్రతి ఒక్కరికీ గుమ్మం దగ్గరే పనిసామర్థ్య నిర్ధారణ జరగాలి. తమ తమ వృత్తిలో పనిచేసి చూపించినవారినే లోపలికి పంపాలి.

"చేయగలిగినవాడికి నా వైద్యం దేనికండీ?" అని అడిగారు డాక్టరమ్మ.

"అది వైద్యపరమైన అంశం. దానిలో మేము జోక్యం చేసుకోము," అన్నాడు త్రివిక్రమరావు.

పాటించకపోతే గోడౌన్‌కు సీలు వేస్తామన్నారు. గోడౌన్ యజమాని మా ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. పాపం, ఆయన మాకు ఇచ్చింది తాళంచెవి మాత్రమే, వ్యాపారం కాదు. మేం ఒప్పుకున్నాం.

మొదటి ఆదివారం నా చేతికి మైకు ఇచ్చి ఒక ప్రకటన చదవమన్నారు. "అస్వస్థతతో ఉన్నవారు దయచేసి లోపలికి రావద్దని, పనిచేయగల స్థితిలో ఉన్నవారు మాత్రమే వైద్యానికి క్యూలో నిలబడవలసిందని మనవి." బస్టాండులో ఎన్నో చదివాను కానీ ఇలాంటిది చదవలేదు. జనం విన్నారు. ఒక్కసారిగా దగ్గులు ఆగిపోయాయి. కుంటుతున్నవాళ్లు నిటారుగా నిలబడ్డారు. జ్వరంతో దుప్పటి కప్పుకొచ్చిన ఆటో డ్రైవరు దాన్ని మడిచి చంకలో పెట్టుకుని ఎండలో నవ్వడం మొదలుపెట్టాడు.

గోడౌన్ బయట పరీక్షలు మొదలయ్యాయి. పెయింటర్లు గోడకు రంగు వేసి చూపించాలి. వారానికొక రంగు పడడంతో మా గోడౌన్ కళకళలాడిపోయింది. బాడీల సొట్టలు తీసే పోతురాజు అనే టింకరుకు గజ్జల్లో హెర్నియా ఉంది. అతన్ని లారీ ఇరుసు ఎత్తమన్నారు. పళ్లు బిగించి ఎత్తాడు. అర్హుడని ముద్ర వేశారు. లోపలికొచ్చి కూలబడ్డాడు.

"బరువులెత్తొద్దని చెప్పానా లేదా?" అని డాక్టరమ్మ కేకలేశారు.

"చెప్పారండీ. కానీ ఎత్తితేగానీ మీ దాకా రానియ్యట్లేదు. ఇంకోసారి చెప్పించుకుందామని ఎత్తానండీ."

మంగలి వీరాస్వామికి చలిజ్వరం. అతను ఎవరికైనా గడ్డం గీసి చూపించాలి. ఆ వణికే చెయ్యి చూసి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు త్రివిక్రమరావే కుర్చీలో కూర్చుని మెడ పైకెత్తాడు. ఆయన నిజాయితీని నేను శంకించను. నియమం కోసం మెడ ఇచ్చే అధికారిని నా సర్వీసులో చూడలేదు. వీరాస్వామి కళ్లు మూసుకుని దేవుణ్ణి తల్చుకుని కత్తి పెట్టాడు. కళ్లు మూసుకోవడం వల్లనో, చలి వల్లనో, దవడ మీద ఒక గీటు పడింది. చొక్కా మీద రక్తం కారుతుండగానే త్రివిక్రమరావు, "అనర్హుడు," అని రాసి, కట్టు కోసం లోపలికి వచ్చాడు.

"మీరు పనిచేయగల స్థితిలో ఉన్నారా?" అని అడిగారు డాక్టరమ్మ.

"విధినిర్వహణలోనే ఉన్నాను మేడమ్," అన్నాడాయన, దవడ అదిమిపట్టుకుని.

ఆవిడ కట్టు వేశారు. వీరాస్వామికి మాత్రలు నేనే జేబులో వేసుకెళ్లి వీధి మలుపులో ఇచ్చొచ్చాను.

నాంచారమ్మ వంతు వచ్చేసరికి విభాగంవాళ్లు ఎక్కడినుంచో ఒక కుట్టుమెషీను మోయించుకొచ్చారు. సీటు కవరు ఒకటి పూర్తిగా కుట్టి చూపించాలి. కత్తిరింపు బల్ల పని చూపిస్తానంది. ఆమె వృత్తి కుట్టు అని నమోదైంది కనుక కుదరదన్నారు. ఆమె చెప్పు విడిచి, కట్టు ఉన్న కాలు పెడలు మీద పెట్టింది. పెదవి కొరుక్కుంటూ తొక్కింది. కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోలేదు. చుట్టూ ఉన్న అధికారులు కవరును చేత్తో తడిమి బాగుందన్నారు. ఆమె లేచి లోపలికి నడుస్తుంటే నేలమీద తడి ముద్రలు పడ్డాయి.

డాక్టరమ్మ కట్టు విప్పారు. ఆరుతున్న పుండు మళ్లీ నోరు తెరిచింది.

"ఎవరు తొక్కమన్నారే?"

"తొక్కకపోతే కట్టు ఎవరు కడతారండీ?" అంది నాంచారమ్మ.

మరుసటి ఆదివారమూ అదే జరిగింది. తొక్కడం, పుండు రేగడం, కట్టు కట్టించుకోవడం. దాని తరవాతి వారం డాక్టరమ్మ కట్టు చేతిలో పట్టుకునే బయటికొచ్చారు.

"త్రివిక్రమరావు గారూ, వారమంతా నేను మాన్పింది ఆదివారం పొద్దున్న మీరు చీలుస్తున్నారు. ఈ కాలు పోతే మీరిస్తారా?"

ఆయన కలవరపడ్డాడు. మార్గదర్శకాల కాగితాలు గబగబా తిరగేశాడు. నిజంగా సాయపడాలనే ఆయన తాపత్రయం. చివరికి ఆయన ముఖం వికసించింది.

"వెసులుబాటు ఉంది మేడమ్! ఎడమకాలితో తొక్కినా అంగీకరిస్తాం."

నాంచారమ్మ తర్వాతి ఆదివారం ఆటోలో వచ్చింది. పాదం వాచి చెప్పులో పట్టడం లేదు. పెడలు మీద ఏ కాలూ పెట్టలేకపోయింది. ఎడమకాలితో తొక్కాలన్నా కుడికాలు నేలకు అదిమిపెట్టాలి కదా. అనర్హురాలని ముద్ర వేశారు. ఆమె గోడ పట్టుకుని రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న సుభానీ టీ బండి దగ్గర బెంచీ మీద కూర్చుంది. ఇంటికి పోవడానికి ఒంట్లో ఓపిక లేక కూర్చుందో, ఎవరైనా పిలుస్తారని కూర్చుందో తెలియదు.

లోపల ఆ రోజు మాకు వచ్చినవాళ్లు ఆఫీసర్ల కాలనీ నుంచి నడకకు బయల్దేరిన ఆరోగ్యవంతులు. ఆదర్శ వైద్యశాల అని పేపర్లో చూసి వచ్చారు. ఉద్యోగాలు చేసేవాళ్లు కనుక ఫైలు మీద సంతకం పెట్టి చూపించి అవలీలగా అర్హత సాధించారు.

"మీకేం బాధ?" అని డాక్టరమ్మ అడిగారు.

"బాధేం లేదండీ. ఊరికే ఒకసారి చూపించుకుందామని."

ఆవిడ స్టెతస్కోపు మెడలోంచి తీశారు. కిటికీలోంచి రోడ్డు అవతలికి చూశారు. సంచీలో దూదీ, మందులూ సర్దుకుని లేచారు.

"టీ తాగొస్తాను, కంట్రోలర్ గారూ," అన్నారు నాతో.

అప్పటినుంచి శేషుకుమారి గారికి టీ వ్యసనం పట్టుకుంది. ఆదివారం పొద్దున్నే బండి దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవారు కారు. బయట అనర్హులైనవాళ్లందరికీ కూడా అదే సమయానికి టీ తాగాలనిపించేది. సుభానీ ఒక బెంచీ చుట్టూ పాత ఫ్లెక్సీ కట్టాడు. లోపల గోడౌన్‌లో నర్సులు ఆరోగ్యవంతుల బరువులు చూసి పంపుతుండేవాళ్లు. నేను మైకు పట్టుకుని రెంటికీ మధ్య తిరుగుతూ, లోపల బాగున్నవాళ్లను కూర్చోమనీ, బయట బాగాలేనివాళ్లను టీ తాగమనీ చెప్పేవాణ్ణి.

వైద్యశాల ఫలితాలు దేదీప్యమానంగా వెలిగాయి. వచ్చిన వాళ్లందరూ పూర్తి ఆరోగ్యంతో తిరిగి వెళుతున్నారని విభాగం పైకి నివేదించింది. ఇలాంటి ఫలితం రాష్ట్రంలో ఏ పెద్దాసుపత్రీ చూపించలేదట. పక్క జిల్లాల నుంచి బృందాలు వచ్చి మా టైర్ల గుట్టకు ఫొటోలు తీసుకున్నాయి. ఒక బృందం నాయకుడు నన్ను పక్కకు పిలిచి, ఇందులో రహస్యం ఏమిటని అడిగాడు. రోగుల ఎంపికలో జాగ్రత్త అని చెప్పాను. ఆయన తలాడించి వెళ్లాడు.

ఒక ఆదివారం త్రివిక్రమరావు టీ బండి దగ్గరికే వచ్చాడు. ఫ్లెక్సీ పక్కకు జరిపి చూశాడు. డాక్టరమ్మ నేలమీద పీట వేసుకుని నాంచారమ్మ పాదం ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. అక్కడున్నవాళ్లందరికీ గొంతులో టీ ఆగిపోయింది.

"ఇక్కడ ఏం జరుగుతోంది?"

"టీ అండీ," అన్నాడు సుభానీ.

త్రివిక్రమరావు బండి ముందూ వెనకా కలియజూశాడు. "బోర్డు లేదే?"

"లేదండీ."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "బోర్డు లేనిచోట నిర్వచనం ఉండదు. నిర్వచనం లేనిచోట ఉల్లంఘన ఉండదు. ఒక టీ ఇవ్వు." టీ తాగినంతసేపూ ఫ్లెక్సీకి వీపు పెట్టి కూర్చున్నాడు. దవడ మీద పాత గీటు తడుముకుంటూ మెల్లగా అన్నాడు. "కాలు ఎలా ఉంది?"

"ఆరుతోంది," అన్నారు డాక్టరమ్మ.

"నేను అడగలేదు, మీరు చెప్పలేదు," అన్నాడాయన. "జిల్లా పెద్దాఫీసరు గారు మన వైద్యశాలను సన్మానించడానికి వస్తున్నారు. ఆ రోజు మాత్రం మేడమ్ లోపల కనిపించాలి. ఇంకొక సంగతి. ఉత్తమ లబ్ధిదారుగా నాంచారమ్మను ఎంపిక చేశారు. అర్హతా పరీక్షలో సీటు కవరు అంత చక్కగా కుట్టినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆమె వేదిక మీద మాట్లాడాలి."

ఏం మాట్లాడాలో కూడా ఆయనే రాయబోయాడు. 'జబ్బుతో వచ్చాను, నయమై వెళుతున్నాను' అని మొదలుపెట్టి కలం ఆపేశాడు. జబ్బుతో వచ్చిందంటే మార్గదర్శకాల ఉల్లంఘన. కొట్టేసి, 'జబ్బు లేకుండా వచ్చాను, జబ్బు లేకుండా వెళుతున్నాను' అని రాసిచ్చాడు.

ఆయన వెళ్లాక నాంచారమ్మ డాక్టరమ్మ వైపు తిరిగింది.

"అమ్మగారూ, మైకు నా చేతికిస్తారంట. ఉన్నదున్నట్టు చెప్పేయనా? ఆళ్లు కాలు చీల్చింది, మీరిక్కడ కూర్చోబెట్టి కట్టింది, అంతా?"

డాక్టరమ్మ కట్టు ముడి వేయడం పూర్తిచేశారు. ఆవిడ జీవితంలో ఎవరినీ అబద్ధం చెప్పమని అడిగి ఉండరు.

"చెబితే చప్పట్లు కొడతారు, నాంచారమ్మా. మర్నాడు సుభానీ బండికి కూడా బోర్డు పెడతారు."

"మరి చెప్పకపోతే?"

"నీ కాలు మానుతుంది. నీ వెనక వచ్చేవాళ్ల కాళ్లు కూడా. చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. కాలు నీది."

సన్మానం రోజున గోడౌన్ ముందు షామియానా వేశారు. రోగుల్లా కనిపించేవాళ్లెవరూ చుట్టుపక్కల తిరగకుండా ఏర్పాట్లు చేశారు. పెద్దాఫీసరుకు గంధం పూసి, మాకు శాలువాలు కప్పారు. నాంచారమ్మను పిలిచారు. కొత్త చెప్పుల్లో, కుంటు కనబడకుండా ఒక్కో అడుగే వేసుకుంటూ మెట్లెక్కింది. మైకు నేనే అందించాను.

"అయ్యా, నా కాలండీ..." అంది.

ముందువరసలో త్రివిక్రమరావు మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. డాక్టరమ్మ తల వంచుకున్నారు. నాంచారమ్మ కాగితం వైపు చూడలేదు. షామియానా బయట, షెడ్ల ముందు నిలబడి చూస్తున్నవాళ్ల వైపు చూసింది. అక్కడ వీరాస్వామి ఉన్నాడు. పోతురాజు గోడకు ఆనుకుని ఉన్నాడు.

"నా కాలు బాగుందండీ. నాకే జబ్బూ లేదండీ. వచ్చేప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఈ షెడ్లల్లో చేసేవాళ్లెవరికీ ఏ జబ్బూ లేదండీ. ఉంటే ఈ సార్లు గుమ్మం తొక్కనిచ్చేవాళ్లు కాదండీ. మేం బాగున్నామని మాకే తెలవదు, ఈళ్లొచ్చి చెప్పారండీ. అంతేనండీ."

ఆ మాటల్లో నిప్పు ఉందని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. కానీ పెద్దాఫీసరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు కనుక అందరూ కొట్టారు.

"విన్నారా!" అన్నాడాయన మైకు అందుకుని. "ఒక సామాన్య శ్రామిక మహిళ ఎంత గొప్ప సత్యం చెప్పింది! రోగాన్ని గుమ్మం దగ్గరే ఆపడం. ఇంతకాలం మనం రోగుల్ని లోపలికి రానిచ్చి, ఆ తర్వాత రోగం ఎందుకు తగ్గడం లేదని బాధపడుతున్నాం. తక్కువ వ్యయంతో, శతశాతం ఫలితంతో ఈ విధానం తన విలువను రుజువు చేసుకుంది. వచ్చే నెల నుంచి జిల్లా ఆసుపత్రిలో కూడా ఇదే విధానాన్ని అమలు చేయడానికి ఆదేశాలు జారీ చేస్తున్నానని ప్రకటించడానికి సంతోషిస్తున్నాను!"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. త్రివిక్రమరావు చేతులు మాత్రం ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఆగిపోయాయి. ఆయన తల్లి పక్షవాతంతో అదే జిల్లా ఆసుపత్రిలో ఉందని ఆ తర్వాత ఆయనే చెప్పాడు. అప్పటికి ఆయన అర్జీ మీద అర్జీ పెడుతున్నాడు, మార్గదర్శకాల్లో వెసులుబాటు వెతుకుతూ.

సభలో స్వీట్లు పంచుతుండగా మేం రోడ్డు దాటాం. నాంచారమ్మ ఫ్లెక్సీ చాటున బెంచీ మీద కూలబడి కొత్త చెప్పులు విసిరికొట్టింది. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు వచ్చేసింది.

"అందరి ముందూ ఏమీ లేదని చెప్పానండీ, నోరు తిరగట్లేదండీ ఇంకా," అంది కళ్లు తుడుచుకుంటూ.

డాక్టరమ్మ పీట లాక్కుని కూర్చుని ఆమె పాదం ఒళ్లోకి తీసుకున్నారు. కట్టు విప్పారు. పుండు అంచుల్లో లేత గులాబీ రంగు చర్మం పాకుతోంది. వేలితో చుట్టూ నొక్కి చూశారు. నాంచారమ్మ మూలగలేదు.

"మానుతోంది," అన్నారు.

సుభానీ గ్లాసులు కడుగుతూ షామియానా వైపు చెవి ఒగ్గి ఉన్నాడు. మైకులో ఇంకెవరో జిల్లా ఆసుపత్రి గురించి ఉత్సాహంగా మాట్లాడుతున్నారు.

"అమ్మగారూ, ఆ ఆసుపత్రివాళ్లు కూడా టీకి వస్తారంటారా? ఇంకో రెండు బెంచీలు చేయించనా?"

డాక్టరమ్మ దూది పక్కన పెట్టి, నా వైపు తిరిగారు.

"కంట్రోలర్ గారూ, జిల్లా ఆసుపత్రిలో మంచాలు ఎన్ని ఉంటాయి?"